ఇబ్బంది పడే హక్కు ఎవరిది?

ఒకరికొకరు ముక్కూ మొహం తెలియని ఇద్దర్ని పత్రికే ఎంపిక చేసి, ఒక హోటల్లో భోజనానికి కూర్చోబెట్టి, తర్వాత ఇద్దర్నీ విడివిడిగా అడిగి, అవతలి మనిషికి పదికి ఎన్ని మార్కులు వేస్తారో అచ్చు వేయడం ఇంగ్లీషు పత్రికల్లో ఒక శీర్షికగా స్థిరపడింది. లండన్ ‘గార్డియన్’లోని ‘బ్లైండ్ డేట్’ దానికి బాగా తెలిసిన ఉదాహరణ. ఇలాంటి జంట కథనాల్లో మనం పట్టించుకోని మూడో మనిషి ఒకరుంటారు. ప్రెస్ ఫొటోగ్రాఫర్. ఆ ఇద్దరికీ తను పరాయి, వాళ్ళూ తనకి పరాయి. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు తప్పుకోవాలో తెలియదు. వాళ్ళు నవ్వితే క్లిక్ చెయ్యాలి, నవ్వకపోతే నవ్వించాలి. ఆ ఇబ్బందిని ఫొటోగ్రాఫర్ తర్వాత సరదాగా చెప్పుకుంటాడు, మనమూ సరదాగానే వింటాం.

నాకు ఇక్కడ ఒక ప్రశ్న వచ్చింది. మూడో మనిషి పడ్డ ఇబ్బంది ‘అనుభవం’ అవుతోంది, చెప్పుకోదగ్గ కథ అవుతోంది. అదే చోట కూర్చున్న అమ్మాయి పడ్డ ఇబ్బందికి మన దగ్గర వేరే పేరుంది. దాన్ని సిగ్గు అంటారు. సిగ్గు ఆమెకి అందం అంటారు. ఒకే అనుభవానికి రెండు పేర్లెందుకు? ఇబ్బంది పడుతున్నానని చెప్పుకునే హక్కు ఎవరికి ఉంది, ఎవరికి లేదు? జంటల్నీ కెమెరానీ కలిపి చూసేటప్పుడు స్త్రీవాద విమర్శ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే అనుకుంటున్నాను.

ముందు ప్రపంచమంతా తెలిసిన రెండు ఫొటోలు తీసుకుందాం. రెండూ ‘లైఫ్’ పత్రికకి సంబంధించినవే, రెండూ ముద్దు ఫొటోలే. మొదటిది 1945 ఆగస్టు 14న న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఆల్‌ఫ్రెడ్ ఐసెన్‌స్టాట్ తీసింది. యుద్ధం ముగిసిందన్న సంబరంలో ఒక నావికుడు తెల్ల యూనిఫాంలో ఉన్న ఒకామెని వెనక్కి వంచి ముద్దు పెట్టుకుంటున్నాడు. దశాబ్దాలపాటు దాన్ని శాంతికీ ప్రేమకీ గుర్తుగా గోడలకి తగిలించుకున్నారు. ఆమె ఎవరన్న దానిమీద వివాదాలు నడిచాయి. ఎక్కువమంది ఒప్పుకున్నది గ్రెటా ఫ్రీడ్‌మన్ పేరు. దంతవైద్యుడి దగ్గర సహాయకురాలిగా పనిచేసిన ఆవిడ, 2005లో ఇచ్చిన ఒక ఇంటర్వ్యూలో ఆ ముద్దు తన ఇష్టప్రకారం జరిగింది కాదని చెప్పారు. అతనెవరో ఆమెకి తెలియదు. వచ్చాడు, పట్టుకున్నాడు, వెళ్ళిపోయాడు. ఆ ఫొటోలో ఆమె మొహం సరిగా కనిపించదు. ఆమె ఇబ్బంది కనపడకపోవడం వల్లే అది అంత అందమైన ఫొటో అయింది.

రెండోది 1950లో పారిస్‌లో రాబర్ట్ దొయనో తీసింది. సిటీహాలు ముందు జనం మధ్య ఒక జంట ముద్దు. 1990ల్లో ఎవరో దంపతులు ఆ ఫొటోలో ఉన్నది తామేనని కోర్టుకెక్కితే అసలు సంగతి బయటపడింది. అది దారిన పోయేవాళ్ళని చాటుగా తీసింది కాదు. నాటకం నేర్చుకుంటున్న ఒక ప్రేమికుల జంటని దొయనో అడిగి, ఒప్పించి, మళ్ళీ ముద్దు పెట్టుకోమని తీసిన ఫొటో. చాలామంది అభిమానులు మోసపోయామనుకున్నారు. నకిలీ అన్నారు.

ఈ రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. స్త్రీని అడగకుండా జరిగింది ‘సహజం’ అయింది. అడిగి తీసింది ‘నకిలీ’ అయింది. ఛాయాచిత్ర కళలో సహజత్వమనే విలువ వెనక ఎవరి అనుమతి లేకపోవడం దాగి ఉందో ఇంతకన్నా తేలిగ్గా చెప్పలేం. దొయనోకి పరాయివాళ్ళ మీద కెమెరా ఎత్తడానికి సంకోచం కలిగింది. ఆ సంకోచమే అడిగేలా చేసింది. ఇబ్బంది అంటే అంతే కదా? అడగాల్సిన చోట అడగలేదని ఒళ్ళు చెప్పే మాట అది.

మన సాహిత్యంలోకి వస్తే, జంట ఫొటో గురించిన తొలి ప్రస్తావనల్లో ఒకటి మన ఉత్తరాంధ్రలోనే ఉంది. ‘కన్యాశుల్కం’ మొదటి అంకంలో గిరీశం దగ్గరికి ఫొటోగ్రాఫు పంతులుగారి నౌకరు వస్తాడు. గిరీశం, మధురవాణి కలిసి దిగిన ఫొటో తాలూకు బాకీ వసూలుకి. గిరీశం ఎప్పట్లాగే మాటలతో తప్పించుకుంటాడు. మనం నవ్వుకుని ముందుకి వెళ్ళిపోతాం. నాటకం మీద వందేళ్ళకి పైగా ఎన్ని వ్యాసాలొచ్చినా ఆ ఫొటో సంగతి హాస్యం కిందే పోయింది. ఆ ఫొటో చివరికి ఎవరి దగ్గర ఉంటుంది? డబ్బివ్వని గిరీశం దగ్గరా, తీసిన పంతులు దగ్గరా? మధురవాణికి అందులో భాగం ఉందా? గురజాడ ఆ సన్నివేశంలో ఫొటోని ప్రేమకి గుర్తుగా కాక బాకీగా ప్రవేశపెట్టాడు. జంట ఫొటో వెనక ఎప్పుడూ ఒక లెక్క ఉంటుందని ఆయనకి తెలుసు.

లారా మల్వే 1975లో రాసిన వ్యాసం తర్వాత పురుషుడి చూపు గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. ఆ చర్చకి నేను చేర్చదలచుకున్నది ఒకటి ఉంది. మన ఊళ్ళలో ఆడపిల్ల మీద పడే కెమెరా చూపు చాలాసార్లు కూలికి తెచ్చుకున్న చూపు. కెమెరా వెనక నిలబడ్డ మనిషిది కాదు, అతనికి డబ్బిచ్చినవాళ్ళది. ఈ సంగతి నాకు పుస్తకాల్లో కన్నా పలాసలో బాగా అర్థమైంది.

మాది టెక్కలి వైపు ఊరు. పలాస–కాశీబుగ్గలో స్టూడియో పెట్టుకుని, ఒక పత్రికకి ఫొటోలు కూడా పంపే ఒకాయనతో కిందటేడు కొన్నిసార్లు మాట్లాడాను. చిన్న ఊళ్ళలో ప్రెస్ ఫొటోగ్రాఫరూ పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరూ ఒకే మనిషి కావడం మామూలే. పత్రిక ఇచ్చేది కెమెరా బ్యాటరీలకి కూడా చాలదు, ఇల్లు గడిచేది పెళ్ళిళ్ళ మీద. పొద్దున్న ఆస్పత్రి ముందు ధర్నా, సాయంత్రం పెళ్ళిచూపులు. పూర్వం సంబంధాలకి పంపే ఫొటో స్టూడియోలోనే తీసేవారు. ఇప్పుడు సెల్‌ఫోన్లు వచ్చినా, నలుగురికీ చూపించే ఫొటోకి ఆయన్నే ఇంటికి పిలుస్తారు.

ఆయన అన్న మాట ఒకటి నా చెవిలో ఉండిపోయింది. “ఆ గుంట తలెత్తదు మేడమ్. పెళ్ళికొడుకు కేసి సూడకూడదంతారు. నాకేసి మాత్రం సూడాలంతారు. నానెవుడిని? ఆడు సేసుకునీవోడు. ఆడికేసి సూస్తే తప్పు, నాకేసి సూస్తే ఫొటో.” పెళ్ళిచూపుల మీద మనం రాసిన ఎన్నో కథల్లో కూడా నాకు ఇంత సూటిగా కనపడని వాక్యం ఇది. కాబోయే భర్తని చూసే హక్కు లేని పిల్ల, కిరాయికి వచ్చిన యంత్రం వైపు మాత్రం కళ్ళెత్తి చూడాలి. ఎందుకంటే ఆ యంత్రంలోంచి చూడబోయేది అటువైపు కుటుంబం మొత్తం.

పలాసకి ప్రత్యేకమైన సంగతి ఇంకొకటి చెప్పాడు. జీడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టే పిల్లలకి ఫొటో తీసేటప్పుడు చేతులు పెద్ద సమస్య. జీడి పిక్క డొల్లలో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది. వేళ్ళు నల్లబడతాయి, తోలు ఊడుతుంది. పలాస జీడిపప్పుకి దేశమంతా పేరుంది. ఆ తెల్లటి పప్పు వెనక ఉన్నది ఎక్కువగా ఆడవాళ్ళ చేతులే. అయితే సంబంధానికి పంపే ఫొటోలో ఆ చేతులు కనిపించకూడదు. చీర చెంగు కిందో, పూలగుత్తి వెనకో దాచుకోమంటారు తల్లులు. తన సంపాదనతో ఇల్లు నిలబెట్టిన పిల్ల తన పనిని దాచుకుని మరీ ఫొటోకి కూర్చోవాలి. ఇది సిగ్గు అనుకుందామా? ఎవరు పడాల్సిన సిగ్గు ఎవరు పడుతున్నారు?

నేనూ అలాంటి ఫొటో దిగినదాన్నే. పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో ఇంట్లోవాళ్ళు తీయించారు. కళ్ళజోడు తీసెయ్యమన్నారు. తీసేస్తే నాకు ఎదురుగా ఉన్న కెమెరా కూడా ఆనదు. మసకలోకి చూసి నవ్వాను. ఆ ఫొటో బాగా వచ్చిందని అందరూ అన్నారు. నన్ను చూడ్డానికి వీలుగా నా చూపు పక్కన పెట్టించిన ఫొటో అది. కళ్ళజోడు చిన్న సంగతే కావచ్చు. అమ్మాయి ఏమీ చూడలేని స్థితిలో ఉన్నప్పుడే చూడముచ్చటగా ఉంటుందన్న నమ్మకం మాత్రం చిన్నది కాదు.

ఇప్పుడు ఇంకో కొత్త తంతు వచ్చింది. నిశ్చితార్థానికీ పెళ్ళికీ మధ్య ప్రీవెడ్డింగ్ షూట్. ఉద్దానం వైపు బారువ తీరం, అక్కడి లైట్‌హౌస్, కొబ్బరి తోటలు దీనికి బాగా పనికొస్తాయి. మనం గమనించాల్సిందేమిటంటే, పెద్దలు కుదిర్చిన చాలా పెళ్ళిళ్ళలో ఆ ఇద్దరూ ఇంటి బయట కలుసుకునే మొదటి రోజు ఇదే. ఇంగ్లీషు పత్రిక డబ్బిచ్చి ఏర్పాటు చేసే పరిచయం లాంటిదే ఇక్కడ రెండు కుటుంబాలు డబ్బిచ్చి ఏర్పాటు చేస్తున్నాయి. పరాయివాళ్ళయిన ఇద్దరు, వెంట ఒక ఫొటోగ్రాఫర్.

“నాను సెప్తేనే సెయ్యి పట్టుకుంతారు. సెప్పకపోతే ఇద్దరి మధ్యలోంచి బస్సు ఎల్లిపోద్ది,” అని నవ్వాడాయన. తర్వాత నవ్వు ఆపి, “పాపం, ఆ గుంట సెయ్యి వణుకుతాది. నానే పట్టుకోమన్నాను కదా, నాకే అదోలా ఉంతాది,” అన్నాడు. వెంట వచ్చిన పిన్నిగారు అభ్యంతరం చెప్పలేదట. ‘కెమెరాకి కదా, పర్లేదు’ అన్నారట. మామూలుగా తాకితే తప్పు, కెమెరా కోసం తాకితే ముచ్చట. తాకమని అనుమతి ఇచ్చే అధికారం ఫొటోగ్రాఫర్ చేతికి వచ్చింది. ఎవరి చెయ్యో ఆమెని మాత్రం ఎవరూ అడగలేదు. వణుకుతున్న చెయ్యి ఏదో చెబుతోందని గుర్తించినవాడు ఆ మధ్యాహ్నం ఒక్కడే. అతనికి అక్కడ మాట్లాడే హక్కు లేదు.

ఈ షూట్ అయ్యాక సంబంధం చెడిపోతే? అలా ఒకసారి జరిగిందట. ఆడపిల్ల తండ్రి వచ్చి ఫొటోలన్నీ తీసెయ్యమని బతిమాలాడు. డబ్బిచ్చింది మగపెళ్ళివారు. ఆల్బం వాళ్ళ దగ్గర ఉంది. చట్టం ఏమంటుందో చూస్తే, 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి తీయించుకున్నవాళ్ళే ఆ ఫొటోకి మొదటి యజమానులు. తీసినవాడు కాదు, అందులో ఉన్నవాళ్ళు అంతకన్నా కాదు. గిరీశం బాకీకి ఇప్పుడు అర్థం మరింత స్పష్టమైంది. తీయడానికి ఒప్పుకున్నంత మాత్రాన పంచడానికి ఒప్పుకున్నట్టు కాదని 2013లో చేసిన సవరణ గుర్తించింది, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్‌లోనూ ఆ మాట ఉంది. అయితే అది స్త్రీ ఏకాంతంలో ఉన్న సందర్భాలకే పరిమితం. లైట్‌హౌస్ ముందు చెయ్యి పట్టుకున్న ఫొటో ఆ నిర్వచనంలోకి రాదు. ఆ ఫొటో ఊళ్ళో తిరిగితే రేపటి సంబంధం పోయేది మాత్రం అమ్మాయికే.

కెమెరాకి ఏ ఇబ్బందీ లేకపోతే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2005 డిసెంబరులో మీరట్‌లో పోలీసులు ‘ఆపరేషన్ మజ్నూ’ పేరుతో పార్కులో కూర్చున్న జంటల మీద పడ్డారు. టీవీ కెమెరాల్ని వెంట తీసుకుని మరీ వెళ్ళారు. అమ్మాయిలు మొహాలు కప్పుకుంటుంటే కెమెరాలు దగ్గరికి జరిగాయి. మన దగ్గర 2019 ఫిబ్రవరి 14న మేడ్చల్ దగ్గరి పార్కులో ఒక జంటకి బజరంగ్ దళ్ కార్యకర్తలు బలవంతంగా తాళి కట్టించిన వీడియో రాష్ట్రమంతా తిరిగింది. 2021లో హైదరాబాద్ ఇందిరా పార్కు గేటుకి పెళ్ళికాని జంటలకి ప్రవేశం లేదని బోర్డు పెట్టి, విమర్శలు వచ్చాక తీసేశారు. తమంతట తాము కలుసుకున్న జంటకి కెమెరా శిక్ష. పెద్దలు కలిపిన జంటకి కెమెరా ముచ్చట. రెండు చోట్లా పని ఒకటే. ఆ జంట ఎవరి ఆస్తో నలుగురికీ చూపించడం.

ఉద్దానంలో ఇదే కెమెరాకి ఇంకో పని కూడా ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా మనుషుల్ని తినేస్తోంది. కారణం ఇదీ అని ఇంకా పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. ఆ కష్టం బయటికి తెలిసిందంటే పత్రికల ఫొటోల పుణ్యం చాలా ఉంది. దాన్ని తక్కువ చెయ్యను. డయాలసిస్ మంచం మీద తల్లి, పక్కన నిలబడ్డ కూతురు. ఇలాంటి ఫొటోలు మనమందరం చూశాం. ఆ కూతురికి సంబంధం వెతికేటప్పుడు ఏమవుతుంది? ఉద్దానం పేరు చెబితే సంబంధాలు వెనక్కి పోతున్నాయన్నది ఆ ప్రాంతం వాళ్ళు ఎన్నోసార్లు పత్రికలతోనే చెప్పుకున్న బాధ. తల్లి మంచం దగ్గర నిలబడ్డ ఫొటోనీ, సంబంధానికి పంపే ఫొటోనీ ఒకే కెమెరా తీస్తోంది. ఒకదానిలో ఆమె జాలికి పనికొస్తుంది, రెండోదానిలో సంతకి పనికిరావాలి. మొదటిది తీసేటప్పుడు ఆమె పెళ్ళి సంగతి ఎవరికీ గుర్తుకురాదు. రెండోది తీసేటప్పుడు తల్లి మంచం సంగతి దాచెయ్యాలి.

ఈ వాదన విన్న ఒక స్నేహితురాలు నాతో గట్టిగా విభేదించింది. “నువ్వు ఆ పిల్లల సంతోషాన్ని చూడటం లేదు. సముద్రం ఒడ్డున నచ్చిన బట్టలేసుకుని, నచ్చినట్టు నిలబడే రోజు వాళ్ళకి జీవితంలో ఎన్నిసార్లు వస్తుంది? నీ సిద్ధాంతం కోసం దాన్ని కూడా లాక్కుంటావా?” అంది. ఆమె మాటలో నిజం ఉంది. షూట్ పేరు చెప్పుకుని గడప దాటే అమ్మాయిలున్నారు. ఆ రెండు గంటల్లోనే అతని గురించి నాలుగు సంగతులు కనుక్కునే తెలివైనవాళ్ళున్నారు. సందు దొరికిన చోట స్వేచ్ఛ తీసుకోవడం మన ఆడవాళ్ళకి ఎప్పుడూ తెలుసు. సందు కూడా డబ్బిచ్చినవాళ్ళు తెరిస్తేనే తెరుచుకుంటుందన్నది మాత్రం మర్చిపోకూడదు.

తరుణ్ భాస్కర్ తీసిన ‘పెళ్ళిచూపులు’ (2016) సినిమాని ఈ వెలుగులో మళ్ళీ చూడొచ్చు. పెళ్ళిచూపులకి వచ్చిన అబ్బాయీ, అమ్మాయీ ఒక గదిలో ఇరుక్కుపోతారు. తలుపు రాదు. బయట పెద్దల హడావుడి, లోపల వీళ్ళ కబుర్లు. అప్పుడే ఆ అమ్మాయి తను చెయ్యాలనుకున్న పని గురించి మాట్లాడగలుగుతుంది. మూడో మనిషి లేకపోవడం యాదృచ్ఛికంగా తప్ప సాధ్యం కాదని ఆ సినిమాకి తెలుసు. తలుపు చెడిపోతేనే మాట మొదలవుతుంది. మనకి సరదాగా అనిపించిన ఆ సన్నివేశం నిజానికి ఎంత దిగులైన సంగతి చెబుతోందో!

కాశీబుగ్గ ఫొటోగ్రాఫర్ తనకి తోచిన పద్ధతిలో తలుపు చెడగొట్టాడు. బారువలో ఆ రోజు పిన్నిగారిని ఫ్రేములో పడుతున్నారని చెప్పి కొబ్బరి చెట్ల దాకా పంపించేశాడు. తర్వాత లెన్సు మార్చాలని చెప్పి తను కూడా పావుగంట దూరంగా తిరిగాడు. “అప్పుడు ఆ గుంట ఏదో అడిగిందండి. ఆడు సానా సేపు ఆలోసించి సెప్పాడు. ఏటడిగిందో నాకు తెల్దు. ఫొటో తియ్యలేదు,” అన్నాడు. తన ఇబ్బందిని అతను సరదా కథగా మార్చుకోలేదు. దాన్ని అమ్మాయి మాట్లాడటానికి చోటుగా మార్చాడు. డబ్బిచ్చినవాళ్ళ చూపు నుంచి అతను పావుగంట పాటు సెలవు తీసుకున్నాడని నాకనిపించింది.

మంచి ఫొటోగ్రాఫర్ల దయ మీద ఆధారపడి మాత్రం మన పిల్లలు బతకలేరు. చిన్న పనులే అయినా చెయ్యాల్సినవి కొన్నున్నాయి. షూట్‌కి ముందు అమ్మాయిని విడిగా, పెద్దలు లేకుండా అడగాలి. రసీదు మీద ఇద్దరి పేర్లూ రాయాలి, ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప ఫొటో ఎక్కడికీ పోకూడదని అందులోనే రాసుకోవాలి. వేరే ఒప్పందం ఉంటే యాజమాన్యం మారుతుందని చట్టమే చెబుతోంది కాబట్టి ఇది ఇవాళే సాధ్యమయ్యే పని. ఆస్పత్రి వార్డులో కూతురి మొహం తీసే ముందు, ఈ ఫొటో రేపు నీ సంబంధం దగ్గరికి కూడా వెళ్తుంది, సరేనా అని పత్రికలవాళ్ళు అడగాలి.

రాసేవాళ్ళకి ఇంకో పని మిగిలి ఉంది. పెళ్ళిచూపుల్లో కాఫీ పళ్ళెం పట్టుకొచ్చిన అమ్మాయి అవమానం గురించి మనం చాలా కథలు రాశాం. అవి అవసరమైన కథలే. లైట్‌హౌస్ నీడలో, ఫొటోగ్రాఫర్ వీపు తిప్పుకున్న ఆ పావుగంటలో ఆమె ఏమడిగిందో ఇంకా రాయాలి. జీడి నూనెకి నల్లబడ్డ చేతుల్ని చెంగు కిందనుంచి బయటికి తీసి అతనికి చూపించి, ‘ఇవీ నా చేతులు, ఈ పని మానను’ అందేమో. మా ఊళ్ళో కిడ్నీ జబ్బుంది, మా అమ్మకీ ఉంది, తెలిసే వచ్చావా అని అడిగిందేమో. అతని జవాబు కోసం ఆమె ఎంతసేపు ఎదురుచూసిందో ఆ ప్రాంతపు ఆడపిల్లలే రాయాలి.